చీకటి వరుస లేని వెండి లెక్క

వెలుతురు తగిలితే బాక్టీరియాను, వైరస్‌లను చంపే వెండి సమ్మేళనం గురించి ఏ పరిశోధన పత్రం చేతికి వచ్చినా నేను ముందు సారాంశం చదవను. నేరుగా ఫలితాల పట్టికలోకి వెళ్లి, చీకట్లో ఉంచిన నమూనాల వరుస ఉందా లేదా అని చూస్తాను. ఉంటేనే మిగతాది చదువుతాను. లేకపోతే అది ఎంత పేరున్న పత్రికలో వచ్చినా పక్కన పెట్టేస్తాను. సూక్ష్మజీవుల ప్రయోగశాలలో కొత్త పదార్థాలను పరీక్షించడమే నా ఉద్యోగం. పొడులు, పూతలు, వడపోత గుడ్డలు, గాయాల పట్టీలు... ఏదో ఒక రూపంలో వెండి మా బల్ల మీదికి వస్తూనే ఉంటుంది. ఈ పదార్థాల మీద నాకు చాలా నమ్మకం ఉంది. ఇంత పట్టుబట్టేది కూడా అందుకే.

వెండికి వెలుతురు అక్కర్లేదు, చీకట్లోనూ అది బాక్టీరియాను చంపుతుంది. వెండి సమ్మేళనం నీళ్లలో ఎంతో కొంత కరుగుతుంది. కరిగినప్పుడు విడుదలయ్యే వెండి అయాన్లే ఆ పని చేస్తాయి. స్విట్జర్లాండ్ వృక్షశాస్త్రవేత్త కార్ల్ నేగెలీ నీళ్లలో అతి స్వల్పంగా కరిగిన లోహాలు సూక్ష్మజీవులను చంపడాన్ని గమనించి వివరంగా రాశాడు. ఆయన రచన 1893లోనే అచ్చయింది. అందుచేత ఒక పసుపు పొడిని దీపం కింద పెట్టి, బాక్టీరియా అంతా చచ్చిందని చూపిస్తే, అందులో దీపం చేసింది ఎంత, కరిగిన వెండి చేసింది ఎంత అన్నది తేలదు. ఆ రెండింటినీ విడదీసేది చీకటి వరుస ఒక్కటే.

సిల్వర్ ఫాస్ఫేట్‌నే తీసుకుంటాను. ఈ రంగంలో దాని పేరు వినని వాళ్లుండరు. తయారు చేయడం తేలిక. సిల్వర్ నైట్రేట్ ద్రావణం రంగు లేకుండా తేటగా ఉంటుంది. బీకరులో దాన్ని కలియబెడుతూ సోడియం ఫాస్ఫేట్ ద్రావణాన్ని చుక్కచుక్కగా వదిలితే, మొదటి చుక్క పడిన చోటే పసుపు అవక్షేపం పుడుతుంది. కాసేపటికి బీకరంతా చిక్కటి పసుపు. వడగట్టి, స్వేదన జలంతో కడిగి, చీకట్లో ఆరబెడితే మెత్తటి పొడి మిగులుతుంది. దాన్ని ముదురు గోధుమరంగు సీసాలో పోసి, పైన అల్యూమినియం రేకు చుట్టి దాస్తాం. ఒక చెంచాడు పొడిని గాజు పలక మీద పరిచి కిటికీ దగ్గర వదిలేస్తే చూడాలి. పసుపు ముందు మురికి ఆకుపచ్చ ఛాయకు తిరుగుతుంది, తర్వాత బూడిదరంగుకు వస్తుంది, ఎక్కువసేపు ఉంటే నల్లబడుతుంది. చిన్న గరిటెతో పైపొరను పక్కకు నెడితే అడుగున ఇంకా పచ్చగానే కనిపిస్తుంది. వెలుతురు ఎంత లోతుకు దిగిందో అంతవరకే నలుపు.

ఆ నలుపు లోహపు వెండి. సమ్మేళనంలోని వెండి అయాన్ వెలుతురు పుట్టించిన ఎలక్ట్రాన్‌ను అందుకుని మామూలు వెండి పరమాణువుగా మారిపోతుంది. అలాంటివి కోట్లకొద్దీ చేరి రేణువులైతే మన కంటికి నల్లగా కనిపిస్తాయి. ఫోటోగ్రఫీ మొత్తం ఈ ఒక్క చర్య మీదే నడిచింది. జర్మనీలో యోహాన్ హైన్‌రిక్ షుల్జ్ 1717 ప్రాంతంలో, వెండి కలిసిన సున్నపుముద్ద సీసాలో కిటికీ వైపు మాత్రమే నల్లబడటం గమనించాడు. చాలామంది అక్కడితో ఆగేవారు. ఆయన అదే ముద్దను పొయ్యిలో వేడి చేసి చూశాడు. వేడికి నల్లబడలేదు. అంటే ఆ మార్పు ఎండ వేడి వల్ల వచ్చింది కాదు, వెలుతురు వల్ల వచ్చింది. నాకు షుల్జ్ అంటే గౌరవం అందుకే. వెలుతురు గురించి మాట్లాడే ముందు వేడిని లెక్కలోంచి తీసేశాడు. ఆ తర్వాత 1777లో కార్ల్ విల్‌హెల్మ్ షీలే సిల్వర్ క్లోరైడ్ మీద పట్టకం గుండా వచ్చిన రంగులను పడేసి, ఊదారంగు దగ్గర అన్నిటికంటే త్వరగా నల్లబడుతుందని చూపాడు. ఏ రంగు వెలుతురు అనే ప్రశ్న ఈ రంగంలో ఇప్పటికీ మొదటి ప్రశ్నే.

ఫోటో ఫిల్ములో మనకు కావలసింది ఎలక్ట్రాన్ వెండిని చేరడం. సూక్ష్మజీవులను చంపడానికి కావలసింది దానికి సరిగ్గా ఎదురు: ఎలక్ట్రాన్ వెండిని చేరకుండా బయటికి పోవాలి. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

ఈ సమ్మేళనాలు అర్ధవాహకాలు. తగినంత శక్తి ఉన్న కాంతి కణం తగిలితే లోపల ఒక ఎలక్ట్రాన్ పై మెట్టుకు ఎగురుతుంది, అది వదిలిన చోట ఒక ఖాళీ మిగులుతుంది. పాఠ్యపుస్తకాల్లో ఆ ఖాళీని రంధ్రం అంటారు. ఆ రెండూ వెంటనే మళ్లీ కలిసిపోతే వేడి తప్ప ఏమీ మిగలదు. కలవకుండా పైపొరకు చేరితే, రంధ్రం నీటి నుంచో, ఎదురుగా ఉన్న బాక్టీరియా పొర నుంచో ఎలక్ట్రాన్‌ను లాక్కుంటుంది. ఎలక్ట్రాన్ అనుకూలిస్తే ఆక్సిజన్‌ను చేరుతుంది. ఇలా హైడ్రాక్సిల్ రాడికల్, సూపర్ ఆక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి చురుకైన ఆక్సిజన్ రూపాలు పుడతాయి.

ఈ మార్గానికి ఆద్యులు జపాన్ శాస్త్రవేత్తలు. అకిరా ఫుజిషిమా, కెనిచి హోండా 1972లో టైటానియం డయాక్సైడ్ మీద వెలుతురు వేసి నీటిని విడగొట్టారు. 1985లో తదాషి మత్సునాగా బృందం ప్లాటినం చేర్చిన టైటానియం డయాక్సైడ్ పొడితో, వెలుతురులో సూక్ష్మజీవులను చంపి చూపింది. ఆ పొడికి తిరుగులేని గట్టితనం ఉంది: కరగదు, చెడదు, చవక. లోపం ఒక్కటే. దానికి 388 నానోమీటర్లకంటే తక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న వెలుతురు కావాలి, అంటే అతినీలలోహిత కాంతి. 1240ని పదార్థం శక్తి అంతరంతో, అంటే ఎలక్ట్రాన్ పై మెట్టుకు ఎగరడానికి కావలసిన కనీస శక్తితో, భాగిస్తే ఈ సంఖ్య వస్తుంది. టైటానియం డయాక్సైడ్‌కు ఆ అంతరం 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు. నేలను చేరే ఎండలో అతినీలలోహిత భాగం 5 శాతం లోపే. గదుల్లో వాడే తెల్ల ఎల్‌ఈడీ దీపంలో అది దాదాపు శూన్యం. ఎల్‌ఈడీ వెలుతురు 450 నానోమీటర్ల దగ్గరి నీలం నుంచి మొదలవుతుంది. పాత ట్యూబులైట్లలో పాదరసం వల్ల కాస్త అతినీలలోహితం బయటికి వచ్చేది, ఇప్పుడు అదీ లేదు. ఎల్‌ఈడీ గదిలో టైటానియం పూత ఉన్న గోడ వట్టి గోడే.

ఇక్కడే వెండి రంగంలోకి వచ్చింది. 2008లో చైనాలోని షాన్‌డాంగ్ విశ్వవిద్యాలయం నుంచి, పైన వెండి రేణువులున్న సిల్వర్ క్లోరైడ్ గురించి ఒక పత్రం వచ్చింది. సిల్వర్ క్లోరైడ్‌కు తనంతట తానుగా కంటికి కనిపించే వెలుతురును వాడుకునే శక్తి లేదు. కానీ దాని మీది వెండి నానో రేణువుల్లో ఎలక్ట్రాన్లన్నీ కలిసికట్టుగా ఊగుతూ, 400 నానోమీటర్లు, ఆ పైన ఉన్న వెలుతురును గట్టిగా పీల్చుకుంటాయి. నానో వెండి నీళ్లు పసుపుగా కనిపించేది ఆ ఊపు వల్లే. 2010లో జపాన్‌లోని సుకుబాలో జిన్‌హువా యె బృందం సిల్వర్ ఫాస్ఫేట్‌ను ముందుకు తెచ్చింది. దాని శక్తి అంతరం 2.36 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే దాదాపు 530 నానోమీటర్ల వరకు, ఆకుపచ్చ వెలుతురు దాకా పనికొస్తుంది. నీటి నుంచి ఆక్సిజన్‌ను తీయడంలో దాని సామర్థ్యం కొన్ని తరంగదైర్ఘ్యాల దగ్గర 90 శాతం వరకు వచ్చింది. అప్పటికి మరే పదార్థమూ అంత దగ్గరికి రాలేదు. ఆ పత్రం చదివినప్పుడు కలిగిన ఉత్సాహం నాకింకా గుర్తుంది. ఇంత మామూలు పదార్థంలో, పసుపు అవక్షేపం అని మనం పరీక్ష నాళికలో చూసి పారబోసే దానిలో, ఇంత శక్తి ఉందా అనిపించింది.

ఇక దాని జబ్బు సంగతి. సిల్వర్ ఫాస్ఫేట్‌లో వెలుతురు వల్ల పైకి లేచిన ఎలక్ట్రాన్ ఉండే మెట్టు హైడ్రోజన్‌ను సున్నాగా పెట్టుకున్న కొలమానం ప్రకారం +0.45 వోల్టులు. ఆక్సిజన్‌కు ఒక ఎలక్ట్రాన్ ఇచ్చి సూపర్ ఆక్సైడ్ చేయాలంటే ఆ మెట్టు సున్నా కంటే కింద, −0.33 వోల్టుల దగ్గర ఉండాలి. అంటే ఈ ఎలక్ట్రాన్ ఆక్సిజన్‌కు చేరదు. పక్కనే వెండి అయాన్ ఉంది, దానికి చేరడానికి అడ్డేమీ లేదు. ఆ అయాన్ లోహమవుతుంది, పొడి నల్లబడుతుంది, పదార్థం తనను తానే తినేస్తుంది. నిపుణులు దీన్ని కాంతి క్షయం అంటారు. గాజు పలక మీద మనం చూసిన ఆకుపచ్చ ఛాయ దాని తొలి లక్షణం. ఆ ఎలక్ట్రాన్‌ను పట్టుకుపోవడానికి మరో అర్ధవాహకాన్ని, కార్బన్ పలకలను, గ్రాఫీన్‌ను, కార్బన్ నైట్రైడ్‌ను జతచేసే ప్రయత్నాలు వందలకొద్దీ జరిగాయి. కొన్నిటిలో తొలిగా ఏర్పడిన కొద్దిపాటి లోహపు వెండే రెండు పదార్థాల మధ్య ఎలక్ట్రాన్లకు వంతెన అవుతుంది, ఆపైన క్షయం నెమ్మదిస్తుంది. ఈ రంగంలో నిజమైన తెలివి ఖర్చవుతున్నది ఇక్కడే అని నా అభిప్రాయం. ఒకసారి వాడి 5 శాతం ఎక్కువ చంపిందని చూపడం కంటే, పదోసారి వాడినప్పుడు కూడా పొడి పసుపుగానే ఉందని చూపడం చాలా కష్టం, చాలా విలువైన పని.

బాక్టీరియా కణానికి ఏమవుతుందో చూద్దాం. వెండి అయాన్‌కు గంధకం అంటే ఎక్కడలేని ఆకర్షణ. ప్రొటీన్లలో గంధకం ఉన్న చోటల్లా అతుక్కుంటుంది. శ్వాసక్రియను నడిపే ఎంజైములు మొదట దెబ్బతింటాయి. పొర చిల్లులు పడుతుంది, లోపలి పొటాషియం కారిపోతుంది. వెలుతురు పుట్టించే హైడ్రాక్సిల్ రాడికల్ దారి వేరు. దానికి ఎంపిక లేదు, ఎదురుగా ఏది ఉంటే దాని నుంచి ఎలక్ట్రాన్‌ను లాగుతుంది. కొవ్వు పొర కానీ, ప్రొటీన్ కానీ, కేంద్రకామ్లం (డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ) కానీ ఒకటే. సూపర్ ఆక్సైడ్‌ను, హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విరగ్గొట్టే ఎంజైములు బాక్టీరియా దగ్గర ఉన్నాయి, హైడ్రాక్సిల్ రాడికల్‌ను ఆపే ఎంజైము మాత్రం ఏ జీవికీ లేదు. అయితే దాని ఆయుష్షు సెకనులో వందకోట్ల వంతు. ఆ లోపు అది కొన్ని నానోమీటర్లు మాత్రమే కదలగలదు. మేం పరీక్షల్లో వాడే ఈ.కోలై అనే బాక్టీరియా కణం పొడవు సుమారు 2,000 నానోమీటర్లు. కాబట్టి కణం పదార్థానికి దాదాపు అంటుకుని ఉంటేనే ఈ దెబ్బ పడుతుంది. దుమ్ము, ఎండిన చీము, సబ్బు పొర ఏది మధ్యలో ఉన్నా ఆ కొద్ది దూరమూ తెగిపోతుంది. పూత వేశాం కాబట్టి తుడవక్కర్లేదు అనేవాళ్లకు నేను ఈ అంకె చెబుతాను.

కరిగే వెండి లెక్క కూడా వేయాలి. సిల్వర్ ఫాస్ఫేట్ లీటరు నీటిలో దాదాపు 20 మిల్లీగ్రాములు కరుగుతుంది. అందులో మూడు వంతులకు పైగా వెండే, అంటే 15 మిల్లీగ్రాముల దాకా. తాగే నీటిలో వెండి 0.1 మిల్లీగ్రాము వరకు ఉన్నా ఫర్వాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దుకు ఇది నూరు రెట్లకు పైన. సిల్వర్ క్లోరైడ్ 2 మిల్లీగ్రాముల లోపే కరుగుతుంది, సిల్వర్ బ్రోమైడ్ ఇంకా తక్కువ. లీటరుకు 15 మిల్లీగ్రాముల వెండి ఉన్న శుభ్రమైన నీటిలో ఈ.కోలై చచ్చిపోవడానికి ఏ దీపమూ అక్కర్లేదు.

బతికి ఉన్న ఒక్కో కణం ప్లేటు మీద పెరిగి కాలనీ అనే చిన్న చుక్కగా కనిపిస్తుంది. మా దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి ఒకసారి పరుగున వచ్చింది.

"మేడమ్, వెలుతురు ప్లేటులో ఒక్క కాలనీ కూడా లేదు!"

"చీకటి ప్లేటు ఏమైంది?"

"అదీ ఖాళీగానే ఉంది మేడమ్."

"అయితే పొడి తగ్గించమ్మా. చీకట్లో సగమైనా బతకాలి. అప్పుడే వెలుతురు చేసిందేమిటో కనిపిస్తుంది."

రెండు ప్లేట్లూ ఖాళీ అయితే చేతికి వచ్చిన సమాచారం సున్నా. కొలత అట్టడుగుకు చేరాక తేడా కనిపించదు. పొడి మోతాదును, సమయాన్ని తగ్గించుకుంటూ పోవాలి. చీకట్లో కణాలు పెద్దగా తగ్గక, వెలుతురులో వేగంగా తగ్గే చోటు దొరికితే అప్పుడు ఆ పదార్థానికి కాంతితో పనిచేసే గుణం ఉందని ధైర్యంగా చెప్పవచ్చు. ఆ అమ్మాయికి ఆ చోటు దొరికింది. ఆ రోజు ఆమె ముఖం చూసి నాకు కలిగిన సంతోషం, ఖాళీ ప్లేట్లు ఎన్ని చూసినా కలగదు.

ఈ పరీక్షలకు అంతర్జాతీయ ప్రమాణాలు ఉన్నాయి. అతినీలలోహిత కాంతితో బాక్టీరియా మీద పరీక్షకు ఐఎస్ఓ 27447, గది వెలుతురుకు ఐఎస్ఓ 17094, వైరస్‌లకు 18061, 18071. వెలుతురులో వచ్చిన తగ్గుదల నుంచి చీకట్లో వచ్చిన తగ్గుదలను తీసివేసి ఆ తేడాను విడిగా చూపాలని ఆ పద్ధతి చెబుతుంది. అమ్మకపు కరపత్రాల్లో ఆ తేడా కనిపించదు, 99.9 శాతం అన్న అంకె మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంటుంది. 10 లక్షల కణాల్లో 99.9 శాతం పోతే వెయ్యి మిగులుతాయి. ఆహారం దొరికిన చోట ఈ.కోలై 20 నిమిషాలకు రెట్టింపవుతుంది. 10 రెట్టింపులకు, అంటే మూడు గంటల 20 నిమిషాలకు, ఆ వెయ్యీ మళ్లీ 10 లక్షలు.

చీకటి వరుసతో పాటు మరో వరుస కూడా ఉండాలి: పొడి లేకుండా వెలుతురు మాత్రమే. 405 నానోమీటర్ల ఊదా వెలుతురు తనంతట తానే బాక్టీరియాను చంపగలదు, వాటిలోని పోర్ఫిరిన్లు అనే పదార్థాలు ఆ వెలుతురును పీల్చి లోపలే ఆక్సిజన్‌ను రెచ్చగొడతాయి. పైగా 300 వాట్ల జెనాన్ దీపం కింద ఉన్న పాత్ర వేడెక్కుతుంది. మేం పాత్ర చుట్టూ చల్లటి నీళ్లు తిప్పుతాం, ఉష్ణమాపి తీయకుండా ఉంచుతాం. షుల్జ్ పొయ్యిలో వేసి చూసింది ఈ అనుమానాన్నే.

ఇంకో వివరం చాలా పత్రాల్లో ఒక్క వాక్యంలో దాటేస్తారు, కానీ ఫలితమంతా దాని మీదే నిలబడుతుంది. నిర్ణీత సమయం కాగానే పాత్రలోంచి పిపెట్‌తో చుక్క తీసి ప్లేటులోని అగార్ అనే పోషక జెల్లీ మీద పరుస్తాం. ఆ చుక్కలో కరిగిన వెండి కూడా వస్తుంది. దీపం ఆర్పినంత మాత్రాన అది ఆగదు, రాత్రంతా ఇంక్యుబేటర్‌లో అగార్ మీద చంపుతూనే ఉంటుంది. మర్నాడు లెక్కపెట్టేది పది నిమిషాల ఫలితం అనుకుంటాం, నిజానికి అందులో ఆ రాత్రి పని కూడా కలిసిపోయి ఉంటుంది. అందుకని చుక్కను ముందు సోడియం థయోసల్ఫేట్, థయోగ్లైకోలేట్ కలిపిన ద్రావణంలో వేస్తాం. వాటిలోని గంధకం వెండిని పట్టేసుకుంటుంది, చంపడం అక్కడికక్కడే ఆగిపోతుంది. ఈ థయోసల్ఫేట్ ఎవరో కాదు, ఫోటో స్టూడియోల చీకటి గదుల్లో హైపో అని పిలిచినదే. అది వెండి లవణాలను కరిగిస్తుందని జాన్ హెర్షెల్ 1819లోనే కనుగొన్నాడు, 1839లో ఫోటోగ్రఫీ పుట్టగానే బొమ్మ నల్లబడిపోకుండా నిలబెట్టడానికి అదే అక్కరకొచ్చింది. ఫిల్ములో మిగిలిన వెండిని కడిగేసిన ఆ లవణమే ఇవాళ మా నాళికల్లో వెండి చేతులు కట్టేస్తోంది. ఆ సీసా చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఈ రెండు వృత్తులూ ఎంత దగ్గరివో అనుకుంటాను.

ఉప్పు సంగతి కూడా అంతే. ప్రయోగశాలల్లో మామూలుగా వాడే పోషక ద్రావణంలో లీటరుకు 10 గ్రాముల దాకా ఉప్పు ఉంటుంది. అందులో వెండి అయాన్ పడితే సిల్వర్ క్లోరైడ్‌గా విడిపోతుంది, సిల్వర్ ఫాస్ఫేట్ కూడా క్రమంగా క్లోరైడ్‌గా మారుతుంది. స్వేదన జలంలో అద్భుతంగా పనిచేసిన పొడి ఉప్పునీటిలో నీరసపడటానికి కారణం అదే. చెమటలో, గాయం రసిలో, రక్తంలో ఉప్పు ఉంటుంది, పైగా వెండిని పట్టేసే ప్రొటీన్లూ ఉంటాయి. గాయం మీద వాడబోయే పదార్థాన్ని స్వేదన జలంలో పరీక్షించి ఊరుకోకూడదు.

వైరస్‌ల దగ్గరికి వస్తే లెక్క మారుతుంది. వైరస్‌కు శ్వాస లేదు, దెబ్బతీయడానికి శ్వాస ఎంజైములూ లేవు. వెండి అయాన్‌కు లక్ష్యాలు తక్కువ. కాబట్టి వెలుతురు వాటా పెరగాల్సింది ఇక్కడే అని నేను ఆశపడతాను. రాడికల్స్ వైరస్ పై ప్రొటీన్లను ఆక్సీకరిస్తాయి, కేంద్రకామ్లంలో గ్వానిన్ అనే భాగం దగ్గర గాట్లు పెడతాయి. ఇన్‌ఫ్లుయెంజా, కరోనా వైరస్‌లకు చుట్టూ కొవ్వు పొర ఉంటుంది, అది ఆక్సీకరణకు త్వరగా లొంగుతుంది. విరేచనాలు తెప్పించే నోరోవైరస్‌కు ఆ పొర లేదు, ప్రొటీన్ కవచం మాత్రమే, అది మొండిది. మనుషుల వైరస్‌లతో పనిచేయడానికి పటిష్ఠమైన రక్షణ ఏర్పాట్లు కావాలి కాబట్టి, బాక్టీరియాకు మాత్రమే సోకే క్యూ బీటా, ఎంఎస్ 2 అనే వైరస్‌లను వాడతాం. 25 నానోమీటర్ల చిల్లర ఉండే చిన్న గోళాలు, కొవ్వు పొర లేనివి. పరచిన ఈ.కోలై పొర మీద వాటిని వదిలితే, ఒక్కో వైరస్ పడిన చోట బాక్టీరియా చచ్చి గుండ్రటి తేట మచ్చ ఏర్పడుతుంది. మచ్చలు లెక్కపెడితే బతికున్న వైరస్‌ల సంఖ్య తెలుస్తుంది. హైపో వేయకపోతే ఇక్కడ తప్పు రెట్టింపవుతుంది. మిగిలిన వెండి ఆ ఈ.కోలైనే దెబ్బతీస్తుంది, పెరిగే ఇల్లే లేకపోతే వైరస్ మచ్చ పెట్టలేదు. వైరస్ నిక్షేపంగా ఉన్నా చచ్చినట్టు లెక్క వస్తుంది. వైరస్‌ల మీద రాసిన పత్రంలో వెండిని ఎలా ఆపారో రాయకపోతే నేను ఆ అంకెలను తీసుకోను.

దీపం గురించి ఒక మాట. వెలుతురును లక్స్‌లలో కొలిస్తే నడినెత్తి ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. పని చేసుకునే గదిలో వెలుతురు 300 నుంచి 500 లక్స్. జెనాన్ దీపం కింద 10 నిమిషాల్లో జరిగిన పని గదిలో జరగాలంటే గంటలు పడుతుంది. అందుకే ఆస్పత్రి మంచం పట్టీకి, తలుపు పిడికి ఈ పూతలు వేయాలన్న ఆలోచన కంటే, ఎండలో పెట్టే నీటి శుద్ధి పాత్రల ఆలోచన నాకు ఎక్కువ నచ్చుతుంది. అక్కడ వెలుతురు కొరత లేదు. పొడిని నీళ్లలో కలపకుండా గాజుకో, పింగాణీకో గట్టిగా అతికించి, బయటికి వచ్చే వెండిని 0.1 మిల్లీగ్రాము హద్దులో ఉంచగలిగితే చాలు. వెండి వల్ల చావడం తగ్గి, వెలుతురు వల్ల చావడం పెరగాలి. మంచి పదార్థానికి నా కొలమానం ఇదే: చీకట్లో ఎంత అమాయకంగా ఉంటే అంత మంచిది.

ఎందుకంటే కరిగిన వెండి ఎక్కడికీ పోదు. వాడి పారబోసిన నీటిలో చాలా భాగం సల్ఫైడ్‌గా మారి బురదలో చేరుతుంది, కానీ అలా మారక ముందు చేపలకు, నీటి పురుగులకు అది విషం. మనుషుల ఒంట్లో చేరితే చర్మం కింద పేరుకుంటుంది, అక్కడ ఎండ తగిలే ముఖం, చేతులు నీలి బూడిదరంగుకు తిరుగుతాయి. ఫిల్ము మీద జరిగే చర్యే చర్మంలోనూ జరుగుతుంది. ఆ రంగు మళ్లీ పోదు. వెండి నీళ్లు తాగితే రోగాలు రావని చెప్పి అమ్మేవాళ్ల మాట వినొద్దని చదువుతున్న ప్రతి ఒక్కరినీ బతిమాలుకుంటున్నాను. అలాంటి మందులు సురక్షితమని, పనిచేస్తాయని ఒప్పుకోలేమని అమెరికా ఆహార ఔషధ సంస్థ 1999లోనే తేల్చి చెప్పింది.

వైద్యంలో వెండికి గొప్ప చరిత్రే ఉంది. 1880ల ఆరంభంలో జర్మన్ వైద్యుడు క్రెడే, నవజాత శిశువుల కళ్లలో 2 శాతం సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేయించి ఎందరినో అంధత్వం నుంచి కాపాడాడు. 1968లో చార్లెస్ ఫాక్స్ తెచ్చిన సిల్వర్ సల్ఫాడయాజిన్ లేపనం కాలిన గాయాలకు దశాబ్దాలపాటు దిక్కయింది. కానీ 1970లలోనే అమెరికాలో కాలిన గాయాల వార్డు ఒకదాని నుంచి వెండికి లొంగని సాల్మొనెల్లా బయటపడింది. 1999లో సైమన్ సిల్వర్ బృందం దాని గుట్టు విప్పింది. వెండిని పట్టి ఉంచే ప్రొటీను, బయటికి తోసేసే పంపులు, ఆ జన్యువులన్నీ ఒక ప్లాస్మిడ్ మీద, అంటే కణంలో విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ వలయం మీద, వరుసగా ఉన్నాయి. ప్లాస్మిడ్ ఒక బాక్టీరియా నుంచి ఇంకోదానికి చేతులు మారుతుంది, దానితో పాటు యాంటీబయాటిక్‌లకు లొంగని జన్యువులూ ప్రయాణం చేస్తాయి. ఎక్కడపడితే అక్కడ, సాక్సుల్లో, పెట్టెల్లో, డబ్బాల్లో కొద్దికొద్దిగా వెండి వదులుతూ ఉంటే మనం ఆ పంపులున్న బాక్టీరియానే ఎంచి పెంచుతున్నట్టు. హైడ్రాక్సిల్ రాడికల్‌ను బయటికి తోసే పంపు లేదు. వెలుతురు దారి మీద నాకు ఇంత ఆశ ఉండటానికి ఇది పెద్ద కారణం.

అందుకని ఈ మధ్య మా పరీక్షలకు ఒక పని చేర్చాం. చావగా మిగిలిన కాలనీలను ఇదివరకు లెక్కపెట్టి పారేసేవాళ్లం. ఇప్పుడు చీకటి ప్లేటు నుంచి కొన్ని, వెలుతురు ప్లేటు నుంచి కొన్ని విడివిడిగా ఏరి, కొత్త ద్రావణంలో పెంచి, వాటికి సిల్వర్ నైట్రేట్ ఎంత మోతాదులో ఇస్తే పెరుగుదల ఆగుతుందో చూస్తున్నాం. అదే కణాలను మళ్లీ అదే పొడికి అప్పగించి ఇదంతా పదేపదే చేస్తున్నాం. చీకటి ప్లేటు సంతతిలో ఆ మోతాదు ఎంత పెరుగుతుంది, వెలుతురు ప్లేటు సంతతిలో ఎంత పెరుగుతుంది అన్నది పక్కపక్కన రాసుకుంటున్నాం. పొడి పంపిన వాళ్లు ఈ అంకె అడగలేదు. అయినా వాళ్లకు పంపే నివేదికలో దీనికి ఒక పేజీ కేటాయించాను.